జపాను బండి, మన కూలి



గుడియాత్తంలో లుంగీ మూటలు ఎక్కించే చోట ఈ మధ్య ఒక కొత్త రకం బండి కనిపిస్తోంది. ముందు సగం పెద్ద కారులాగా, వెనుక సగం తొట్టి లారీలాగా ఉంటుంది. జపాను కంపెనీ ఇసుజు తయారుచేసే పికప్పు అది. దాన్ని చూసిన రోజు టీ కొట్టు దగ్గర మాట ఎటు పోతుందో మనకు తెలిసిందే. "జపానువాడి బండి వచ్చింది, ఇక టాటా, మహీంద్రాల పని అయిపోయినట్టే" అని ఒకరంటారు. "మన దేశపు బండి ఉండగా పరాయివాడి బండి ఎందుకు?" అని ఇంకొకరంటారు. "ఎవరి బండి అయితేనేం, మూట ఎత్తే కూలి పెరిగిందా?" అని మూటలు మోసే మనిషి అడుగుతాడు. ఈ మూడో ప్రశ్నకు టీ కొట్టు దగ్గర ఎవరూ జవాబు చెప్పరు. అందుకే ఈ సంచికలో ఆ ప్రశ్నను పట్టుకున్నాము.

మిల్లు కార్మికుల పత్రికకు బండ్ల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కూలి ఒప్పందం గడువు తీరి మనం చర్చలకు కూర్చున్న ప్రతిసారీ యాజమాన్యాలు బల్ల మీద పెట్టే మొదటి కాగితం "విదేశీ పోటీ". చైనా గుడ్డ వస్తోంది, బంగ్లాదేశ్ బట్ట చౌక, కనుక మీరు కాస్త సర్దుకోవాలి అంటారు. గుడ్డల సంగతిలో ఆ మాట ఎంత నిజమో, ఎంత బెదిరింపో విడదీయడం కష్టం. బండ్ల సంగతిలో మాత్రం దాదాపు నలభై ఏళ్ల చరిత్ర కళ్లముందు ఉంది. పరాయి బండి వచ్చినప్పుడు ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో, ఆ గెలుపోటముల కింద కార్మికుడు ఏమయ్యాడో చూస్తే మన బేరానికి పనికివచ్చే సంగతులు దొరుకుతాయి.

ముందుగా ఒక మాట. "మన దేశపు బండి" అని మనం ఛాతీ విరుచుకునే బండ్లన్నీ ఒకప్పుడు పరాయి బండ్లే. టాటావారి టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్ తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేయడం నేర్చింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాకనే బెంజ్ నక్షత్రం పోయి టాటా పేరు వచ్చింది. మన ఎన్నూరులోని అశోక్ లేలాండ్ పేరులోనే ఇంగ్లండు కంపెనీ ఉంది. మహీంద్రా బండ్ల తయారీ మొదలైంది అమెరికా విల్లీస్ జీపులు బిగించడంతో. కాబట్టి స్వదేశీ, విదేశీ అనే గీత యాజమాన్యాలు తమ అవసరాన్ని బట్టి జరుపుకునే గీత. సుంకం కావాలంటే స్వదేశీ అంటారు. కార్మికుడు జీతం అడిగితే ప్రపంచ మార్కెట్టు అంటారు.

ఇక రెండో సంగతి మన మగ్గానికి చెందింది. నేడు లోకమంతా తెలిసిన టయోటా పుట్టింది మోటారు షెడ్డులో కాదు, నేత షెడ్డులో. సకిచి టొయోడా అనే జపాను వడ్రంగి కొడుకు మగ్గాల మీద బతుకంతా పనిచేసి, 1924లో నడుస్తూ ఉండగానే నాడె మార్చుకునే, దారం తెగితే తనంతట తాను ఆగిపోయే మగ్గాన్ని తయారుచేశాడు. మన దేశపు మిల్లులకు తరతరాలుగా యంత్రాలు అమ్మిన ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీయే 1929లో దాని హక్కుల కోసం లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ఆ మగ్గాల కంపెనీలోనే 1933లో మోటారు విభాగం పెట్టారు. 1935లో మొదటి లారీ బయటికి వచ్చింది. సుజుకి కథ కూడా అంతే. అది 1909లో మగ్గాల కంపెనీగా మొదలైంది.

దారం తెగితే మగ్గం ఆగడం గొప్ప సంగతే, కాదనము. నేతగాడి కళ్లకు అది కాస్త విశ్రాంతి. కానీ ఆ విశ్రాంతిని ఎవరు తిన్నారు? మగ్గం తనంతట తాను ఆగుతుంది గనుక ఒక మనిషికి రెండు మగ్గాలు కాదు, ఇరవై ముప్పై మగ్గాలు అప్పగించవచ్చని లెక్క కట్టారు. మన షెడ్లలో "ఇంకో రెండు మిషన్లు చూసుకో" అని మేస్త్రీ అన్నప్పుడల్లా ఆ లెక్కే మాట్లాడుతోంది. ఆ టయోటా కంపెనీలోనే 1950లో దివాలా ముంచుకొచ్చినప్పుడు వెయ్యికి పైగా కార్మికులను ఇంటికి పంపారు. సమ్మె జరిగింది. కంపెనీ స్థాపకుడు కీచిరో టొయోడా రాజీనామా చేయవలసి వచ్చింది. జపాను క్రమశిక్షణ గురించి మనకు పాఠాలు చెప్పేవారు ఈ సమ్మె సంగతి చెప్పరు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1980 దశకం మొదట్లో కేంద్ర ప్రభుత్వం చిన్న లారీల తయారీకి జపాను కంపెనీలతో కలిసి పనిచేయడానికి నాలుగు సంస్థలకు అనుమతి ఇచ్చింది. పంజాబులో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్ పీతంపూర్ లో ఐషర్ మిత్సుబిషి, ఉత్తరప్రదేశ్ సూరజ్‌పూర్ లో డీసీఎం టయోటా, మన తెలుగుగడ్డ మీద మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. చిన్న లారీల్లో ఇక పాత కంపెనీల రోజులు చెల్లాయని పత్రికలన్నీ రాశాయి. తళతళలాడే క్యాబిన్, మెత్తగా పడే గేరు, తక్కువ డీజిలు. డ్రైవర్లు కూడా ముచ్చట పడ్డారు. ఆ ముచ్చట అబద్ధం కాదు. పాత లారీల్లో నడుములు విరగ్గొట్టుకున్నవారికి ఆ సీటు విలువ తెలుసు.

వీటిలో డీసీఎం అంటే ఏమిటో మిల్లు కార్మికుడు తప్పక తెలుసుకోవాలి. అది ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు. ఉత్తరాది మిల్లు కార్మికుల ఎన్నో తరాలు ఆ సైరను చప్పుడుకు నిద్ర లేచాయి. ఆ మిల్లు లాభాల మీద పెరిగిన సంస్థే టయోటాతో చేయి కలిపి లారీల ఫ్యాక్టరీ పెట్టింది. మరోపక్క 1989లో ఢిల్లీలోని ఆ పాత మిల్లు మూతపడింది. మగ్గంతో మొదలైన జపాను కంపెనీ లారీ చేసింది, మగ్గంతో మొదలైన ఢిల్లీ కంపెనీ కూడా లారీ చేసింది. మధ్యలో మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం గేటు బయట మిగిలాడు. ఆ లారీ కూడా నిలబడలేదు. 1994లో కొరియా కంపెనీ డేవూ ఆ ఫ్యాక్టరీని చేజిక్కించుకుని లారీల బదులు కార్లు చేసింది. కొద్ది ఏళ్లకే కొరియాలో డేవూ కుప్పకూలింది. ఆ తర్వాత సూరజ్‌పూర్ ఫ్యాక్టరీ మూతపడి అక్కడి కార్మికులూ వీధిన పడ్డారు.

జహీరాబాదు కథ మనకు మరింత దగ్గరిది. ఆల్విన్ అంటే మన ఇళ్లలో ఫ్రిజ్జు, చేతి గడియారం. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ. ఆ పేరు మీద నిస్సాన్ వారి క్యాబ్‌స్టార్ లారీని వెనుకబడిన జహీరాబాదు ప్రాంతంలో, హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్లే రోడ్డు మీద తయారుచేయడం మొదలుపెట్టారు. వర్షం లేక కందులూ జొన్నలూ ఎండిపోయే పల్లెల నుంచి కుర్రవాళ్లు ఐటీఐ చదువుకుని, ప్రభుత్వ కంపెనీ, పైగా జపాను కంపెనీ అని ఆశతో ఆ గేటు ముందు నిలబడ్డారు.

మరి ఆ బండి ఎందుకు గెలవలేదు? బండిలో లోపం ఉండి కాదు. 1985 సెప్టెంబరులో అమెరికా న్యూయార్క్ లోని ప్లాజా హోటల్లో ఐదు ధనిక దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ తగ్గించాలని నిర్ణయించారు. అప్పటికి డాలరుకు 240 యెన్లు. రెండేళ్లు తిరగకముందే 150 దగ్గరికి వచ్చింది. అంటే జపాను నుంచి ఇంజను భాగాలు, గేరుపెట్టె భాగాలు తెచ్చుకునేవాడికి అదే భాగం ఖరీదు ఒక్కసారిగా కొండెక్కింది. జహీరాబాదు కార్మికుడు ఎంత చెమటోడ్చినా, ఎన్ని బండ్లు బిగించినా, న్యూయార్క్ హోటల్లో జరిగిన సంతకం అతని బండి ధరను పెంచేసింది. అదే సమయంలో, 1986లో, టెల్కో తన 407 బండిని దింపింది. భాగాలన్నీ ఇక్కడివే. చెడిపోతే ఏ ఊరి మెకానిక్కయినా విప్పగలడు. స్పేర్లు తాలూకా కేంద్రంలో దొరుకుతాయి. మూట మీద మూట ఎక్కించినా కుంగదు. (ఎక్కించకూడనంత ఎక్కించడం మన దేశపు అలవాటు. జపానువాడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.) 407 బండి తొలి ముప్పై ఏళ్లలో 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మన బట్టల బజార్లలో లుంగీలు మోసింది, కోళ్ల గంపలు మోసింది, పెళ్లివారిని కూడా మోసింది.

ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రా చేతికి పోయింది, తర్వాత అందులోనే కలిసిపోయింది. ఆల్విన్ ఫ్రిజ్జులు 1990 దశకంలో టాటావారి వోల్టాస్ కు పోయాయి. ఆల్విన్ అనే పేరే ఇప్పుడు పాత ఇళ్ల వంటగదుల్లో తుప్పు పట్టిన తలుపు మీద మాత్రమే కనిపిస్తుంది. జహీరాబాదు ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. ఈనాటికీ అక్కడ మహీంద్రా వారి బండ్లూ ట్రాక్టర్లూ తయారవుతున్నాయి. అంటే పరాయి బండితో పోటీపడిన స్వదేశీ కంపెనీలలో ఒకటి ఆ పరాయి బండి ఇంటినే కొనుక్కుంది. పంజాబులోని స్వరాజ్ మజ్దా మజ్దా పేరు పోగొట్టుకుని ఇసుజు పేరు తగిలించుకుంది, 2025లో అది కూడా మహీంద్రా చేతికే వచ్చింది. ఐషర్ ఒక్కటే సొంత కాళ్ల మీద నిలబడి, 2008లో స్వీడన్ వోల్వోతో పొత్తు పెట్టుకుంది. నాలుగు జపాను బండ్లలో మిగిలిన కథ ఇదీ. ఏ కథలోనూ గేటు మీద బోర్డు మార్చేటప్పుడు లోపల పనిచేసేవాడి అభిప్రాయం అడిగిన దాఖలా మాకు కనబడలేదు.

ఆ పాఠం జపాను కంపెనీలు నేర్చుకున్నాయి. ఇసుజు ఈసారి పెట్టెల్లో భాగాలు తెచ్చి బిగించి ఊరుకోలేదు. మొదట తిరువళ్లూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో ఒప్పందం మీద బండ్లు చేయించుకుంది. 2016 ఏప్రిల్లో తడ పక్కన శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. అంటే మన గుడియాత్తం నుంచి పరదరామి దాటి చిత్తూరు మీదుగా తూర్పుకు పోతే ఒక పూట ప్రయాణం. పరాయి బండి అని మనవాళ్లు వేలు చూపించే ఆ పికప్పును బిగించేది సత్యవేడు, తడ, గుమ్మిడిపూండి చుట్టుపక్కల పిల్లలు. అందులో మన భాష మాట్లాడేవారూ ఉన్నారు, తమిళం మాట్లాడేవారూ ఉన్నారు. బండిని పరాయిది అని తిట్టేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. అదే సమయంలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. శ్రీసిటీలో గేటు తెరుచుకున్నప్పుడు తిరువళ్లూరులో ఆ పని పోయింది. రాష్ట్రం సరిహద్దు దాటితే భూమి చౌక, కరెంటు రాయితీ, పన్ను మినహాయింపు. ఒక ముఖ్యమంత్రి రిబ్బను కత్తిరించే పండుగ వెనుక పక్క జిల్లాలో ఒక షెడ్డు ఖాళీ అవుతుంది. మన మిల్లులు కూడా ఈ ఆట నేర్చుకున్నాయని మనకు తెలుసు.

టయోటా హైలక్స్ కూడా 2022లో మన దేశానికి వచ్చింది. దాని ధర ముప్పై లక్షలు దాటింది. అది మూటలు మోసే బండి కాదు, మూటల యజమాని షికారుకు పోయే బండి. దాని గురించి ఇంతకంటే రాయడం అనవసరం. నిజంగా మూటలు మోసే బజారు ఇంకా టాటా, మహీంద్రా, హోసూరు అశోక్ లేలాండ్ ల చేతుల్లోనే ఉంది. ఆ హోసూరు దోస్త్ బండి కూడా 2011లో నిస్సాన్ పొత్తుతోనే పుట్టింది, 2016లో నిస్సాన్ తప్పుకుంది. జహీరాబాదులో ఓడిన నిస్సాన్ పాతికేళ్ల తర్వాత హోసూరుకు వచ్చి మళ్లీ వెళ్లిపోయిందన్నమాట.

ఇంతవరకు చెప్పింది కంపెనీల పోరు. ఈ పోరులో కూలి సంగతి తేటగా కనబడేది అమెరికాలో. పెద్ద పికప్పులు అంటే అక్కడ ఫోర్డు, జనరల్ మోటార్స్, క్రైస్లర్ ల సామ్రాజ్యం. ఫోర్డు ఎఫ్ వరుస బండి 1977 నుంచి అక్కడ ఎక్కువగా అమ్ముడుపోయే పికప్పు. ఆ సామ్రాజ్యానికి కంచె కట్టింది ఒక కోడి. 1960లలో జర్మనీ, ఫ్రాన్సు దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం వేస్తే, కోపం వచ్చిన అమెరికా 1964లో పరాయి చిన్న లారీల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదాను జనం మరిచిపోయినా లారీల సుంకం దశాబ్దాల తరబడి నిలిచిపోయింది. అందుకని జపాను కంపెనీలు అక్కడే ఫ్యాక్టరీలు పెట్టాయి. 1999లో టయోటా టండ్రా అనే పెద్ద పికప్పు ఇండియానా రాష్ట్రంలో, 2003లో నిస్సాన్ టైటాన్ మిసిసిపీ రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో తయారుకావడం మొదలైంది.

ఇక్కడ కిటుకు గమనించండి. స్వదేశీ కంపెనీల ఫ్యాక్టరీలలో బలమైన మోటారు కార్మిక సంఘం ఉంది. పరాయి కంపెనీలు ఫ్యాక్టరీలు పెట్టినవి ఎక్కువగా సంఘం బలం తక్కువగా ఉన్న దక్షిణాది రాష్ట్రాలలో. మిసిసిపీ అంటే ఒకప్పుడు పత్తి తోటల్లో నల్లవారిని బానిసలుగా పనిచేయించిన నేల. కాంటన్ లో సంఘం పెట్టుకోవాలా వద్దా అని 2017 ఆగస్టులో ఓటింగ్ జరిగితే, వద్దని 2,244 మంది, కావాలని 1,307 మంది ఓటు వేశారు. సంఘం వస్తే ఫ్యాక్టరీ పోతుందేమో అన్న భయం ఎంత దూరం పనిచేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. సంఘం రాలేదు గనుక టైటాన్ బతికిందా? లేదు. 2024లో దాని తయారీ ఆపేశారు. ఓటు వేయించుకున్న భయం నెరవేర్చిన వాగ్దానం ఏమీ లేదు.

దీనికి ఎదురుగా 2023 సెప్టెంబరు 15న స్వదేశీ మూడు కంపెనీలలోనూ ఆ మోటారు కార్మిక సంఘం ఒకేసారి సమ్మె మొదలుపెట్టింది. అన్ని ఫ్యాక్టరీలూ ఒకేసారి ఆపకుండా ఒక్కొక్కటిగా ఆపుతూ పోయింది. యాజమాన్యాలకు రేపు ఏ గేటు మూతపడుతుందో తెలియలేదు. సుమారు ఆరు వారాలకు ఒప్పందం కుదిరింది. 2028 ఏప్రిల్ వరకు మొత్తం 25 శాతం జీతం పెంపు. "పరాయి కంపెనీలు చౌకగా చేస్తున్నాయి, మేము ఇవ్వలేము" అన్నవారే ఇచ్చారు. ఆ వెంటనే సంఘమే లేని టయోటా, హోండా, హ్యుందాయ్ కంపెనీలు కూడా తమ కార్మికులకు జీతాలు పెంచాయి. టయోటా సుమారు 9 శాతం, హోండా 11 శాతం. దయ కలిగి కాదు, తమ గేటులోకి కూడా సంఘం వస్తుందన్న భయంతో. 2024 ఏప్రిల్లో టెనెస్సీ రాష్ట్రంలో వోక్స్‌వ్యాగన్ కార్మికులు ఓటు వేసి సంఘాన్ని తెచ్చుకున్నారు కూడా.

గట్టున ఉన్నవాడు ఈదితే మడుగులో ఉన్నవాడికి ఒడ్డు దొరకడం అరుదు. కానీ ఇక్కడ అదే జరిగింది. సంఘం ఉన్నచోట పెరిగిన కూలి సంఘం లేనిచోటికి కూడా పాకింది. సంఘం లేనిచోట తగ్గిన కూలి సంఘం ఉన్నచోటికి పాకడం మనం ఇన్నేళ్లుగా చూస్తున్నాము. రెండూ ఒకే రోడ్డు మీద నడిచే బండ్లే, ఎటు నడవాలన్నదే తగాదా.

అందుచేత మన మాట ఇది. శ్రీసిటీ బండిని బహిష్కరించమని మేము చెప్పము. టాటా, మహీంద్రాల జెండా మోయమనీ చెప్పము. ఏ బండి కొనాలో మూటల వర్తకుడు తన లెక్క చూసుకుంటాడు. మనం అడగవలసిన ప్రశ్నలు వేరు. ఆ గేటు లోపల పర్మనెంటు కార్మికులు ఎందరు, శిక్షణ పేరుతో ఏళ్ల తరబడి ఉంచినవారు ఎందరు, ఒకే బోల్టు బిగించే ఇద్దరికి రెండు రకాల జీతాలు ఎందుకు? రాయితీ తీసుకున్న కంపెనీ ఎన్నాళ్లు ఉంటుందో రాతపూర్వకంగా ఎందుకు చెప్పదు? ఇవే ప్రశ్నలు పశ్చిమ తమిళనాడు నూలు మిల్లుల్లో ఆడపిల్లలను మూడేళ్ల హాస్టలు జీవితంలో బంధించి, చివర్లో పెళ్లికి డబ్బు ఇస్తామని చెప్పిన సుమంగళి పథకం మీదా వర్తిస్తాయి. మన సొంత షెడ్లలో నాడె లేని కొత్త మగ్గాలు వస్తే పాత మగ్గం మీద ఉన్నవాడికి ఏ పని ఇస్తారన్న దాని మీదా వర్తిస్తాయి.

యాజమాన్యాలు విదేశీ పోటీ కాగితం బల్ల మీద పెట్టినప్పుడు మన దగ్గరా ఒక కాగితం ఉండాలి. జహీరాబాదులో బండి ధరను పెంచింది కార్మికుడి కూలి కాదు, యెన్ను అని చెప్పాలి. మన గుడ్డ ధరలో నూలు వాటా ఎంత, కరెంటు ఎంత, వడ్డీ ఎంత, కూలి ఎంత అని లెక్క చూపించమని అడగాలి. చూపించని లెక్క మీద మనం తగ్గే ప్రసక్తి లేదు.

ఆ లెక్క ఇంటి నుంచే మొదలుపెడదాం. ప్రతి మిల్లు, ప్రతి షెడ్డు నుంచి మన సభ్యులు ఈ నెలాఖరులోగా ఒక్కో కాగితం రాసి సంఘం ఆఫీసుకు పంపాలి. పర్మనెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, ఆడవారు ఎందరు, ఒక్కొక్కరికి ఎన్ని మగ్గాలు, రోజుకు ఎంత, పీఎఫ్ కట్టేది ఎందరికి. పేర్లు రాయనక్కరలేదు. రాయడం రానివారు మూటలు ఎక్కించే చోట సాయంత్రం ఆరు తర్వాత మనవాళ్లకు నోటితో చెప్పినా చాలు. మూటలు మోసేవారి, బండి డ్రైవర్ల కూలి సంగతి కూడా అదే కాగితం మీద రాయండి. ఇంతవరకు వారిని మన లెక్కలో చేర్చుకోకపోవడం మన తప్పే.